డ్రిల్లు మాస్టారు బావిలో పడిన సంగతి

అక్కకి,

తమ్ముడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం ఉన్నాం. "బాగున్నాం" అని రాయడానికి కలం సాగలేదు, అందుకని ఉన్నాం అని మాత్రం రాస్తున్నాను.

మొత్తానికి నా స్వీయచరిత్ర అచ్చయింది. నీ కాపీ విడిగా పార్సెల్లో పంపాను. పేరు "అంతా గుర్తుంది". ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరందరి నీళ్ళ మీటర్లు చూసి అంకెలు రాసుకున్నవాణ్ణి. ఈ అంకె తప్పు అని ఒక్కరు కూడా నన్ను నిలదీయలేదు. ఆ ధైర్యంతోనే నా జీవితం కూడా రాసేశాను.

ఆవిష్కరణ వచ్చే నెల మొదటి బుధవారం, మధ్యాహ్నం పూట, ఒక పుస్తకాల షాపులో. "ఆ వేళకి మా షాపులో ఈగ కూడా ఉండదండీ, మీకేం ఇబ్బంది ఉండదు" అంది షాపావిడ. ధైర్యం చెప్పిందో, ఇంకేం చెప్పిందో నాకు అర్థం కాలేదు. కళ్ళజోళ్ళ షాపుకీ జెరాక్స్ షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న షాపు అది. సభ పిల్లల పుస్తకాల మూలలో. అక్కడున్నవన్నీ పిల్లలు కూర్చునే స్టూళ్ళు. నిన్న వెళ్ళి ఒకదాని మీద కూర్చుని చూశాను. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. స్వీయచరిత్రల అలమర తలుపు వెనకాల ఉంది. తలుపు తీస్తే అలమర కనపడదు. తలుపు మూస్తే షాపు కట్టేశారనుకుని జనం వెళ్ళిపోతారు.

అమ్మా లేదు, నాన్నా లేడు. నా చిన్నతనం చూసినవాళ్ళలో మిగిలింది నువ్వొక్కదానివే. నువ్వు రాకపోతే ఆ సభ ఎవరికోసమో నాకే తెలియదు. బావగారిని తీసుకుని తప్పకుండా రా.

నీ తమ్ముడు

తా.క. పుస్తకంలో నీ గురించి రెండు చోట్ల రాశాను. మొదటిచోట నువ్వు జడ వేసుకుంటున్నావు. రెండోచోట అదే జడ విప్పుకుంటున్నావు.

●

ఒరేయ్ తమ్ముడూ,

అక్క దీవెనలు. పుస్తకం చేరింది. కాగితం దళసరిగా, బాగుంది. అట్ట మీద నీ ఫొటో చూసి మీ బావగారు కళ్ళజోడు తీసేసి, "అయ్యయ్యో, ఎప్పుడూ?" అన్నారు. ఆవిష్కరణ మాత్రమేనని చెప్పాక తేరుకున్నారు.

మొత్తం చదివాను. నీళ్ళ మీటర్ల గురించి చెప్పడానికి ఇంత ఉంటుందని నాకు తెలియదు. పేజీ తిప్పినప్పుడల్లా ఇంకా ఉందేమోనని భయం వేసింది. చదివాక మా ఇంటి మీటరు వైపు చూడాలంటే మొహమాటంగా ఉంది.

ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఆ బడి అధ్యాయం ఎందుకు రాశావురా? డ్రిల్లు మాస్టారు మేక వెంట పరిగెత్తి బావిలో పడటం, పిల్లలందరూ కలిసి తాడు వేసి ఆయన్ని లాగడం, నాటకంలో రాజుగారి మీసం ఊడి రాణి చెంపకి అంటుకోవడం, ఇవన్నీ ఇప్పుడెవరికి కావాలి? ఆ కాగితాలు తీసేసి మిగతాది ఆవిష్కరించుకో. కారణం అడక్కు. చిన్నప్పటినుంచీ నా మాట విన్నావు. ఈ ఒక్కటీ విను.

అక్క

తా.క. మరదలు ఈ పుస్తకం చదివిందా? నీ పెళ్ళి సగం పేజీలో అయిపోయింది. మీటరు పగిలిన సంగతికి మాత్రం ఒక అధ్యాయం ఇచ్చావు.

●

అక్కకి,

నమస్కారాలు. కారణం అడగొద్దన్నావు. అడగను. అడక్కుండానే తెలిసిపోయింది. జడ.

అంత లావు పుస్తకంలో సొంత అక్కకి దక్కింది ఒక జడేనా అని నీ మనసు కష్టపడింది. నీ మరదలు కూడా అదే అంది. "వదినగారికి మండదా మరి? నన్ను సగం పేజీలో పెళ్ళి చేసుకుని వదిలేశారు, నాకు మండలేదా?" అని దెప్పింది. రెండో ముద్రణలో నీకు ఇంకో చోటు ఇస్తాను. ఈసారి తల జోలికి వెళ్ళను.

అంతేగానీ బడి అధ్యాయం తీసేయమంటే ఎలా అక్కా? అది తీస్తే మిగిలేది నీళ్ళే. షాపావిడ మొత్తం పుస్తకంలో చదివింది ఆ ఒక్క అధ్యాయమే. మిగతాది చూశాను అంది. చదవడం వేరు, చూడటం వేరు అని నాకు తెలుసు, నేనూ మీటర్లు చూసేవాణ్ణే.

ఇప్పుడు అసలు కబురు. డ్రిల్లు మాస్టారు బతికే ఉన్నారు! ఎనభై దాటాయట. కొడుకూ కోడలి దగ్గర ఈ ఊళ్ళోనే ఉంటున్నారు. ఆ కోడలు షాపావిడకి స్నేహితురాలు. మన పాత బడి పేరు పుస్తకంలో చూసి షాపావిడే కనిపెట్టింది. ముఖ్య అతిథి ఇక ఆయనే. బావిలో పడ్డ మనిషే వచ్చి పుస్తకం ఆవిష్కరిస్తే అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నీ తమ్ముడు

తా.క. బావి సంగతి ఆయన దగ్గర ముందుగా ఎత్తలేదు. నలుగురి ముందూ ఆశ్చర్యపరుద్దామని.

●

ఒరేయ్,

కొంప ముంచావు కదరా! ఆ మాస్టారిని పిలవకు. పిలిచేసి ఉంటే వద్దని చెప్పు. ఆయన పెద్దాయన, స్టూలు మీద కూర్చోలేడు, ఏదో ఒకటి చెప్పు.

నీకు బుర్రలో జడ తప్ప ఇంకేం తట్టదా? నా గురించి నువ్వు ఏమీ రాయకపోయినా నాకు బాధ లేదు. కానీ ఆయన సభలో లేచి "ఈ అబ్బాయెవరు?" అన్నాడనుకో, నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు?

ఇక చెప్పక తప్పదు. నువ్వు ఆ బడికి వెళ్ళింది ఒకటో తరగతి వరకే. ఆ తర్వాత కీళ్ళ జ్వరం వచ్చి మంచాన పడ్డావు. "ఒక వానాకాలం జ్వరపడ్డాను" అని ఒక్క ముక్క రాసి దాటేశావు. ఒక వానాకాలం కాదురా, మూడు. నువ్వు లేచి నాలుగడుగులు వేసేసరికి మనం ఆ ఊరే వదిలేశాం. మేకని నువ్వు చూడలేదు. బావిని చూడలేదు. రాజుగారి మీసం కూడా చూడలేదు. రోజూ సాయంత్రం నేను వచ్చి, నీ మంచం పట్టె మీద కూర్చుని చెప్పేదాన్ని. చెవులతో విన్నది కళ్ళతో చూశాననుకున్నావు. అందులో నీ తప్పేం లేదు. పసివాడివి.

ఇప్పుడైనా ఆ కాగితాలు తీసేయ్.

అక్క

తా.క. రెండో ముద్రణ అన్నావు. మొదటిది ఎవరు కొన్నారు?

●

అక్కకి,

నమస్కారాలు. నీ ఉత్తరం వచ్చి వారమైంది. వెంటనే జవాబు రాయలేకపోయాను.

ముందు కోపం వచ్చింది. "అంతా అబద్ధం" అని రాద్దామనే కూర్చున్నాను. రాసేముందు ఒకసారి కళ్ళు మూసుకుని బావిని గుర్తు చేసుకున్నాను. కనపడింది. మేక కనపడింది. మాస్టారు తడిసిన చొక్కాతో తాడు పట్టుకుని పైకి రావడం కనపడింది. కానీ అక్కా, అంతటా దీపం వెలుగే. డ్రిల్లు క్లాసు దీపాలు పెట్టాక జరగదు కదా? నాటకం గుర్తు చేసుకున్నాను. రాజుగారి పక్కన మందు సీసా ఉంది. సింహాసనం మీద నా గళ్ళ దుప్పటి ఉంది.

నాకు ఏడుపొచ్చింది. పర్సు పోతే వెతుక్కుంటాం, పోలీసులకి చెప్పుకుంటాం. ఈ వయసులో చిన్నతనం పోయిందంటే ఎవరికి చెప్పుకోను? నీ మరదలికి చెప్తే, "పోనీలెండి, మీటర్లు మీవేగా" అంది. ఓదార్పే అనుకుంటున్నాను.

సరే. ఒకరింటి నీళ్ళు ఇంకొకరింటి మీటరులో రాయడం నా చేతనవదు. అందుకని చీటీలు అచ్చు వేయించాను. "ఈ అధ్యాయంలోని బడి రోజులు నావి కావు. మా అక్కవి. ఆమె చెప్పగా విని, నావే అనుకున్నాను." ప్రతి కాపీలో అధ్యాయం మొదట్లో అంటిస్తున్నాం. నీ మరదలు జిగురు రాస్తోంది, నేను అద్దుతున్నాను. రెండు చీటీలు తలకిందులుగా పడ్డాయి. అవి బంధువులకి ఇస్తాం.

మాస్టారు ఎలాగూ వస్తున్నారు. ఆయన నాకు కాకపోతే నీకు మాస్టారే కదా. నువ్వు వచ్చి వేదిక మీద ఆయన పక్కన కూర్చో. ఆ బడి నీది. నాకు అప్పిచ్చావు, నలుగురి ముందూ తిరిగి ఇచ్చేస్తాను.

నీ తమ్ముడు

తా.క. వేదిక అంటే పెద్దగా ఊహించుకోకు. ఇంకో స్టూలు.

●

ఒరేయ్ తమ్ముడూ,

చీటీలు పీకేయ్. ఇవాళే పీకేయ్, జిగురు ఆరితే రావు.

నేను సభకి రాను. నాకు మోకాళ్ళ నొప్పులు. మీ బావగారికి జలుబు. ఇంటి తాళం సరిగా పడటం లేదు. వీటిలో నీకు నచ్చిన కారణం తీసుకో.

మాస్టారి దగ్గర నా పేరు ఎత్తకు. ఆయనకి నేను గుర్తుండను. గుర్తు చేయకు కూడా. నీ కాళ్ళు పట్టుకుంటాను అని రాద్దామనుకున్నాను, నీకంటే పెద్దదాన్ని కనక మానేశాను.

అక్క

తా.క. జలుబు నిజం కాదు. తాళం నిజం.

●

అక్కకి,

నమస్కారాలు. నీ మొహమాటం నాకు తెలియంది కాదు. చిన్నప్పుడు కూడా ఎవరైనా మెచ్చుకుంటే తలుపు చాటుకి వెళ్ళేదానివి. అందుకే చీటీలు పీకలేదు. ఆవిష్కరణ అయిపోయింది. ఎలా జరిగిందో రాస్తాను, చదువుకో.

పొద్దుటినుంచీ ముసురు. ఈ వానకి ఎవరొస్తారని నేను దిగులుపడ్డాను. తీరా చూస్తే వాన వల్లే ఇద్దరొచ్చారు. తడవకుండా ఉండటానికి లోపలికొచ్చి, మర్యాదకి కూర్చున్న ఒక జంట. వాన తగ్గిందేమోనని నా ప్రసంగం పొడుగునా కిటికీ వైపే చూశారు. జెరాక్స్ షాపతను వచ్చాడు. మాస్టారి కోసం అతని కుర్చీ అడిగి తెచ్చాం, అది ఎప్పుడు తిరిగి ఇస్తారో కనుక్కుందామని వచ్చాడు. నీ మరదలు, మాస్టారు, ఆయన కోడలు. అంతే జనం. మైకు ఉంది. ఆరుగురికి మైకెందుకని నేనంటే, "అద్దెకి తెచ్చాం కదండీ" అంది షాపావిడ. అది మొదట్నుంచీ చివరిదాకా కీచుమంటూనే ఉంది.

షాపావిడ నన్ను పరిచయం చేస్తూ, "వీరు జీవితమంతా..." అనేసరికి ఒకమ్మాయి తలుపు తోసుకొచ్చి పరీక్ష గైడు అడిగింది. ఆవిడ వెళ్ళి వెతికి, ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి, తిరిగొచ్చి, "ఇప్పుడు రచయిత మాట్లాడతారు" అంది. జీవితమంతా నేనేం చేశానో ఎవరికీ తెలియలేదు.

లేచి నిలబడ్డాను. రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి, చీటీలో ఉన్నదే చెప్పాను. ఈ బడి నాది కాదు, మా అక్కది అని. వాన జంట మొదటిసారి కిటికీ వదిలి నా వైపు చూశారు.

అప్పుడు మాస్టారు లేచారు. లేవడానికే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. షాపావిడ మైకు ఆయన నోటి దగ్గర పెట్టి, "బావిలో పడటం మీకు గుర్తుందా అండీ?" అని అడిగింది. ఆయన మమ్మల్నందరినీ ఒకసారి తేరిపార చూశారు.

"గుర్తులేకేం అమ్మా! పడ్డాను. ఆ మేక నల్లది. చెప్పిన మాట వినేది కాదు. నీళ్ళు ఎముకలు కొరికేశాయి. పిల్లలు లాగకపోతే అక్కడే పోయేవాణ్ణి" అన్నారు. అంతటితో ఆగలేదు. "వీళ్ళక్క కూడా గుర్తుంది నాకు. మొదటి బెంచీ. ప్రశ్న సగంలో ఉండగానే చెయ్యెత్తేది. నాలుగులో ఫస్టు, ఐదులో ఫస్టు. ఆ పిల్ల ఇప్పుడు ఏ కాలేజీలో చెప్తోంది?" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. జెరాక్స్ అతను కూడా కొట్టి, కుర్చీ ఇంకాసేపు ఉంచుకోమన్నాడు. వాన జంటలో ఆవిడ నా దగ్గరకొచ్చి, "మీ అక్కగారి పుస్తకం ఉందా?" అని అడిగింది. నా పుస్తకం చేతిలో పెట్టుకుని అడిగింది అక్కా. షాపావిడ వచ్చే నెల నిన్నే పిలిచి మాట్లాడించాలంటోంది. పోస్టర్ కూడా రాసేసింది. నా ఆవిష్కరణ రోజున నన్ను ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇంటికొచ్చి తడి చెప్పులు విప్పుకుంటూ చాలాసేపు గడపలోనే కూర్చున్నాను. చెప్పొద్దూ, కొంచెం కుళ్ళుకున్నాను కూడా. అయినా నీ బడి నీకు చేరింది. అది చాలు.

నీ తమ్ముడు

తా.క. ఒక కాపీ అమ్ముడుపోయింది. గైడు కొనడానికొచ్చిన అమ్మాయి పొరపాటున అది కూడా తీసుకెళ్ళింది. మర్నాడు తిరిగి ఇచ్చేసింది.

●

ఒరేయ్ నాన్నా,

అక్క దీవెనలు. నీ ఉత్తరం మీ బావగారు పైకి చదువుతుంటే విన్నాను. తర్వాత నేనే తీసుకుని, వెళ్ళి పడకగదిలో తలుపేసుకుని మళ్ళీ చదువుకున్నాను.

మాస్టారు బావిలో పడలేదురా.

మేక లేదు. అసలు ఆ బడిలో బావే లేదు, పంపు ఉండేది. నాటకమూ జరగలేదు, మీసమూ ఊడలేదు. నువ్వు మంచాన పడ్డాక నీ మందులకి నాన్న జీతం చాలలేదు. నాలుగో తరగతి అవగానే నన్ను బడి మానిపించి అట్టపెట్టెల కార్ఖానాలో పెట్టారు. చెప్పులు పెట్టి అమ్ముతారే, ఆ పెట్టెలు. రోజంతా జిగురు రాసి, మడిచి, అంటించడమే నా పని. "నా బడి జిగురు వాసన వేసేది" అని నువ్వు ఎంతో ప్రేమగా రాశావు. అది బడి వాసన కాదు నాన్నా, నా చేతుల వాసన.

"పిల్లాడి గుండె బలహీనంగా ఉంది, మనసు కష్టపెట్టే మాట వాడి చెవిన పడకూడదు" అన్నాడు డాక్టరు. నీవల్ల నా చదువు ఆగిందని నీకు తెలిస్తే ఊరుకునేవాడివా? అందుకని పొద్దున్నే పుస్తకాల సంచీ తగిలించుకుని, నీకు చెప్పి మరీ కార్ఖానాకి వెళ్ళేదాన్ని. సాయంత్రం రాగానే "అక్కా, ఇవాళ బడిలో ఏం జరిగింది?" అనేవాడివి. ఒకరోజు ఒళ్ళు హూనమైపోయి, "ఏమీ జరగలేదు" అన్నాను. నువ్వు గోడ వైపు తిరిగి ఏడవడం మొదలుపెట్టావు. అమ్మ పొయ్యి దగ్గరనుంచి నా వైపు చూసింది. ఆ సాయంత్రమే మాస్టారిని బావిలోకి తోసేశాను. నువ్వు దుప్పటి తన్నేసి మరీ నవ్వావు. అమ్మ కూడా నవ్వింది. ఇక ఆ తర్వాత రోజూ ఎవర్నో ఒకర్ని ఎక్కడో ఒకచోట పడేయక తప్పలేదు.

పాపం, మాస్టారు అబద్ధమాడారని అనుకోకు. ఆ వయసులో నలుగురు చుట్టూ చేరి మీరు మాకు గుర్తున్నారంటే, బావేమిటి, సముద్రంలో పడ్డాననైనా అంటారు. ఆయనకి నిజమేమిటో చెప్పకు. నీళ్ళు ఎముకలు కొరికాయన్నారు చూడు, నేను అలా చెప్పలేకపోయాను. నాకంటే బాగా చెప్పారు.

ఐదో తరగతిలో నేను ఫస్టు వచ్చానన్నారని రాశావే, ఆ వాక్యం మాత్రం ఎన్నిసార్లు చదివానో చెప్పను, నవ్వుతావు. మా ఇంట్లో నేను చదువుకున్నట్టు ఒక్క కాగితమూ లేదు. సర్టిఫికెట్టు లేదు, బడి ఫొటో లేదు. నీ చీటీ ఒక్కటే ఉంది. "బడి రోజులు మా అక్కవి" అని అచ్చులో. ఇక పీకొద్దులే. ఉండనీ.

నువ్వు బాగై, కొత్త ఊళ్ళో నీ అంతట నువ్వు బడికి వెళ్ళడం మొదలుపెట్టావు. నీ స్నేహితులు నీకు దొరికారు. అందరం సంతోషించాం. నేనూ సంతోషించాను. కానీ ఇవాళ బడిలో ఏం జరిగిందని సాయంత్రం నన్ను అడిగేవాళ్ళు లేకుండా పోయారురా. కొన్నాళ్ళు కబుర్లు కూడబెట్టుకున్నాను, నువ్వు అడుగుతావేమోనని. అడగలేదు.

షాపావిడతో వస్తానని చెప్పు.

మీ అక్క

తా.క. ఆరో తరగతిలో నాకు బహుమతి వచ్చింది. ఎందుకొచ్చిందో అక్కడికొచ్చాక చెప్తాను.